ఆరు శాస్త్రాల నవాబు షమ్సుల్ ఉమ్రా

మన సంఘం ప్రత్యేక సంచికకు హైదరాబాదు ప్రముఖుల్లో ఒకరి జీవితం రాసి ఇమ్మని కార్యదర్శిగారు రెండు నెలల కిందట నన్ను అడిగారు. నేను ఒప్పుకునేసరికే మిత్రులు సాలార్‌జంగ్‌ను ఒకరు, మహబూబ్ అలీ పాషాను ఒకరు, మాడపాటి హనుమంతరావుగారిని ఒకరు పంచేసుకున్నారు. అందుకు నాకేమీ బాధ లేదు. నా మనసులో ఉన్న మనిషిని వేరెవ్వరూ అడగరని నాకు ముందే తెలుసు. శంషాబాదుకు వెళ్ళి విమానం ఎక్కే మన పిల్లలకు ఆ ఊరి పేరు ఒక వంశపు బిరుదు నుంచి వచ్చిందంటారని కూడా తెలియదు. ఆ బిరుదు షమ్స్-ఉల్-ఉమ్రా, అంటే ఉమ్రావులలో సూర్యుడు అని అర్థం. ఆ బిరుదు ధరించిన రెండోవారు నవాబు మహమ్మద్ ఫక్రుద్దీన్ ఖాన్. ఆయన కథే ఇది.

ముందు నా సంగతి రెండు ముక్కలు చెప్పాలి. చెప్పకపోతే ఒక నవాబు గురించి ఒక సైన్సు పంతులు ఎందుకు రాస్తున్నాడో మీకు బోధపడదు.

మాది గౌలిపురా. నాన్నగారు సర్కారు దఫ్తరులో గుమాస్తా, ఆయన చదువంతా ఉర్దూలోనే సాగింది. నేను కూడా నాలుగో తరగతి దాకా ఉర్దూ మీడియంలో చదివాను. పోలీసు చర్య తర్వాత కాలం మారింది, బడిలో భాష కూడా మారింది. సాయంత్రం నాన్నగారు లాంతరు ముందు కూర్చోబెట్టి ఉర్దూలో సైన్సు చెప్పేవారు, పొద్దున్న బడిలో అదే పాఠం తెలుగులో చెప్పేవారు. ఆరో తరగతి పరీక్షలో శక్తి రూపాలు రాయమంటే నేను తెలుగు లిపిలో హరారత్, రోషనీ, ఆవాజ్ అని రాసి వచ్చాను. ఉష్ణం, కాంతి, ధ్వని అని రాయాలట. నాకు సున్నా వచ్చింది. పంతులుగారిది తప్పనను, ఆయన తెలుగు పేపరు దిద్దుతున్నారు. కానీ వేడి అంటే ఏమిటో తెలిసి కూడా సున్నా తెచ్చుకోవడం ఎలా ఉంటుందో నాకు ఆ రోజే తెలిసింది. తర్వాత పాతబస్తీ బడుల్లో ముప్పై నాలుగేళ్ళు భౌతికశాస్త్రం చెప్పి 1998లో విరమణ పొందాను. ఆ కాలమంతా ఆ సున్నా నా జేబులోనే ఉంది.

ఇక నవాబుగారి దగ్గరకు వస్తాను.

ఫక్రుద్దీన్ ఖాన్ 1780 ప్రాంతంలో పుట్టారు. తండ్రి అబుల్ ఫతే ఖాన్ తేగ్‌జంగ్ నిజాం అలీ ఖాన్ దగ్గర పేరుపొందిన సేనాని, పాయిగా వంశానికి మూలపురుషుడు. నిజాం సొంత రక్షణకు ఉండే పటాలం ఈ వంశం చేతిలో ఉండేది, దాని ఖర్చు కింద వందలాది గ్రామాల జాగీరు ఉండేది. తండ్రి చిన్నతనంలోనే పోవడంతో బిరుదులు, జాగీర్లు, పటాలం అన్నీ ఈ పిల్లవాడి మీద పడ్డాయి. పెరిగాక నిజాం అలీ ఖాన్ తన కుమార్తెనిచ్చి పెళ్ళి చేశారు. అప్పటి నుంచి పాయిగాలంటే నిజాం వియ్యాలవారే అయ్యారు. ఆయన తన జీవితకాలంలో నిజాం అలీ ఖాన్, సికందర్ జా, నాసిరుద్దౌలా, అఫ్జలుద్దౌలా అనే నలుగురు నిజాములను చూశారు. ఎనభై దాటాక 1863లో కన్నుమూశారు.

ఇంత ఆస్తి, ఇంత బంధుత్వం ఉన్న మనిషి మామూలుగా ఏం చేస్తాడో మనందరికీ తెలుసు. గుర్రాలు, వేట, ముషాయిరాలు, దేవిడీల మీద దేవిడీలు. ఈయన దేవిడీలు కట్టించలేదని కాదు. ఇప్పుడు ఫలక్‌నుమా దగ్గర ఒక బస్తీకి పేరుగా మిగిలిన జహాన్‌నుమా ఆయన కట్టించిన మహలు. దాన్ని యూరపు నుంచి తెప్పించిన వింత వస్తువులతో నింపారని ప్రసిద్ధి. అయితే వింత వస్తువు కనబడగానే చాలామంది నవాబులు వచ్చినవాళ్ళకు చూపించి మురిసిపోతారు. ఈయన మాత్రం అది ఎలా పనిచేస్తుందని అడిగిన మనిషి. గణితం మీద, ముఖ్యంగా జ్యామితి మీద ఆయనకు మక్కువ ఎక్కువ, షమ్సుల్ హిందసా అనే జ్యామితి గ్రంథం ఆయన పేరు మీదే ఉంది.

1830లలో ఆయన రెండు పనులు చేశారు. ఒకటి మదర్సా-ఎ-ఫక్రియా అనే బడి పెట్టడం. మతగ్రంథాలే కాక గణితం, ప్రకృతిశాస్త్రం చెప్పించాలని ఆయన కోరిక. రెండోది సంగీ ఛాపాఖానా, అంటే రాతి అచ్చు యంత్రం. ఇది జర్మనీలో సెనెఫెల్డర్ అనే ఆయన 1796లో కనిపెట్టిన పద్ధతి. నున్నటి సున్నపురాయి మీద జిడ్డు సిరాతో రాస్తారు. తర్వాత రాయిని నీళ్ళతో తడుపుతారు. జిడ్డు ఉన్నచోట నీరు అంటదు, నీరు ఉన్నచోట సిరా అంటదు. అంతే కిటుకు. సీసపు అక్షరాలు పోతపోయనక్కర లేదు. ఖుష్‌నవీస్ చేతిరాత ఎలా ఉంటే అలాగే వందల ప్రతులు వస్తాయి, బొమ్మలు కూడా అదే రాయి మీద గీయవచ్చు. వంపులు తిరిగే ఉర్దూ లిపికి ఇంతకన్నా అనువైనది అప్పట్లో లేదు.

ఆ రాళ్ళ మీద నుంచే 1840 ప్రాంతంలో సిత్తా-ఎ-షమ్సియా వెలువడింది. సిత్తా అంటే ఆరు. ఇంగ్లీషు పుస్తకాల ఆధారంగా ఉర్దూలోకి తెచ్చిన ఆరు శాస్త్ర గ్రంథాలివి. బరువులు ఎత్తే యంత్రాల శాస్త్రం, ఖగోళం, నీటి శాస్త్రం, గాలి శాస్త్రం, దృష్టికి సంబంధించిన కాంతి శాస్త్రం, చివరగా విద్యుత్తు. నవాబుగారు దేశీయ పండితులనూ, యూరపు భాషలు తెలిసినవాళ్ళనూ ఒకచోట కూర్చోబెట్టి ఈ పని చేయించారు. ఢిల్లీ కాలేజీలో కూడా దాదాపు ఆ రోజుల్లోనే ఇలాంటి అనువాదాలు మొదలయ్యాయి, కానీ దాని వెనుక కుంపిణీ సర్కారు ఉంది. ఇక్కడ ఒక జాగీర్దారు సొంత ఖర్చుతో, ఎవరూ అడగకుండా పాతబస్తీలో చేసిన పని ఇది.

ఈ సంగతి నాకు 1971లో తెలిసింది. మా బడిలో ఉర్దూ చెప్పే మౌల్వీ సాబ్ ఒకరు ఉండేవారు. నా సున్నా కథ ఆయనకు చెప్పి నవ్వుకున్న కొన్నాళ్ళకు, ఆయన తన తాతగారి అల్మారాలోంచి అట్టలు ఊడిన ఒక సంపుటం గుడ్డలో చుట్టి తెచ్చారు. అది కాంతి శాస్త్రం. పసుపురంగు తిరిగిన కాగితం, మూలల్లో పురుగు తిన్న రంధ్రాలు. వెలుగు అద్దం మీద పడి ఎలా మరలుతుందో, గాజులోంచి పోయేటప్పుడు ఎలా వంగుతుందో చదువుతుంటే నాన్నగారి లాంతరు గుర్తొచ్చింది. ఆ పాఠం నాకంటే నూట ముప్పై ఏళ్ళ ముందే ఈ ఊళ్ళో ఈ భాషలో ఉంది.

శాస్త్రం చదివినవాళ్ళకు ఆ ఆరు పేర్లలో ఒక చిత్రం కనిపిస్తుంది. వెలుగుకు విడిగా పుస్తకముంది, విద్యుత్తుకు ఉంది. ధ్వనికి లేదు, వేడికి లేదు. ఇది అనువాదకుల మరుపు కాదు. చప్పుడు మన చెవికి చేరేది గాలి అలల మీదే కనుక, ఆ రోజుల్లో ధ్వనిని గాలి శాస్త్రంలో ఒక అధ్యాయంగా చెప్పేవారు. వేడి సంగతి ఇంకా విచిత్రం. వేడి ఒక రకమైన కంటికి కనిపించని ద్రవమనీ, అది వేడి వస్తువులోంచి చల్లటి వస్తువులోకి పారుతుందనీ యూరపులో చాలామంది పెద్దలు అప్పటికీ నమ్మేవారు. దాన్ని కాలరిక్ అనేవారు.

1798లో రమ్‌ఫర్డ్ అనే ఆయన మ్యూనిక్‌లో ఫిరంగి గొట్టాలు తొలుస్తుంటే లోహం ఆపకుండా వేడెక్కడం చూసి, ఈ ద్రవం ఎంతకీ తరగదేమిటని అనుమానించారు. రాపిడి ఉన్నంతసేపు వేడి వస్తూనే ఉంది. అదే ఏడు మన హైదరాబాదులో, గన్‌ఫౌండ్రీ దగ్గర తోప్ కా సాంచా పెట్టించిన ఫ్రెంచి సేనాని రేమాండ్ చనిపోయారు. అప్పటికి మన నవాబుగారు పద్దెనిమిదేళ్ళ కుర్రవాడు. ఆ కార్ఖానా పనివాళ్ళ చేతులకు కూడా ఆ వేడి తెలిసే ఉంటుంది, కాగితం మీద పెట్టినవాళ్ళు లేరు.

తర్వాత మాంచెస్టరులో సారాబట్టీ యజమాని కొడుకు జౌల్ ఒక పాత్రలో నీళ్ళు పోసి, కిందికి దిగే బరువులతో తెడ్డు తిప్పించి, నీళ్ళు ఎంత వేడెక్కాయో కొలిచారు. ఇంత పనికి ఇంత వేడి అని లెక్క తేల్చారు. ఆ ప్రయోగాల పెద్ద వ్యాసం లండన్ రాయల్ సొసైటీ ముందుకు వచ్చింది 1849లో. వేడి, వెలుగు, చప్పుడు, కదలిక, విద్యుత్తు అన్నీ ఒకే శక్తి వేసుకునే వేషాలన్న మాట శాస్త్రజ్ఞుల నోట స్థిరపడింది 1850ల్లో. అంటే సిత్తా-ఎ-షమ్సియా అచ్చయిన నాటికి, దారానికి గుచ్చవలసిన పూసలన్నీ ఉన్నాయి, దారం మాత్రం యూరపులో కూడా ఇంకా పేనుతూనే ఉన్నారు. మన పాతబస్తీ ఎంత ఆలస్యంగా ఉందని అడిగేవాళ్ళకు నేను చెప్పేది ఇదే. ఆ కొద్ది ఏళ్ళు మనం ఆలస్యంగా లేము.

1849 అన్నాను కదా. సరిగ్గా ఆ ఏడాదే నవాబుగారు రాజ్యానికి దివాను అయ్యారు. కొద్ది నెలల ముచ్చట అది. ఖజానా ఖాళీ, కుంపిణీ అప్పు కొండలా పెరిగింది, పటాలాల జీతాలు బాకీ. ఆయన కూడా ఏమీ చేయలేక తప్పుకున్నారు. నాలుగేళ్ళు తిరగకముందే 1853లో బేరారు కుంపిణీ చేతికి పోయింది, యువకుడైన సాలార్‌జంగ్ దివాను అయ్యారు. చరిత్ర పుస్తకాల్లో ఫక్రుద్దీన్ ఖాన్ పేరు ఈ కొద్ది నెలల కోసమే ఒక వరుసలో కనిపిస్తుంది. నన్నడిగితే అది ఆయన జీవితంలో అన్నిటికన్నా చిన్న సంగతి.

మౌల్వీ సాబ్ తెచ్చిన సంపుటం చదివాక నా పాఠం చెప్పే పద్ధతి మారింది. మా పిల్లల్లో సగంమంది ఇళ్ళల్లో ఉర్దూ, సగంమంది ఇళ్ళల్లో తెలుగు. రెండు మాటలూ బల్ల మీద పెట్టేవాణ్ణి, ఉష్ణం అన్నా హరారత్ అన్నా మార్కు ఇచ్చేవాణ్ణి. బడిలో ప్రయోగశాల అంటే పగిలిన బీకరు, పాదరసం పోయిన థర్మామీటరు. అందుకని ఊరే ప్రయోగశాల అయింది. లాడ్ బజారులో లక్క గాజులు చేసేవాళ్ళ పిల్లలు మా దగ్గర ఉండేవారు. కుంపటి సెగకు లక్క మెత్తబడడం, సెగ తీయగానే గట్టిపడడం వాళ్ళకు నేను చెప్పాలా? వాళ్ళే నాకు చెప్పేవారు, నేను పేరు పెట్టేవాణ్ణి. నయాపూల్ మీద నిలబెట్టి, కింద మూసీ ఒడ్డున బండ మీద బట్టలు ఉతికేవాళ్ళను చూపించేవాణ్ణి. బట్ట బండకు తగలడం ముందు కనిపిస్తుంది, దెబ్బ తర్వాత వినిపిస్తుంది. చప్పుడు సెకనుకు సుమారు 340 మీటర్లే పోతుంది, 170 మీటర్ల దూరానికి అర సెకను పడుతుంది. వెలుగు సెకనుకు మూడు లక్షల కిలోమీటర్లు. పిల్లలు ఒకటి, రెండు లెక్కపెట్టి అరిచేవారు. వంతెన మీద పోయే రిక్షావాళ్ళు ఆగి చూసేవారు.

అన్నిటికన్నా నాకు గుర్తున్నది వరఖ్ కొట్టే ఇంటి కుర్రవాడు. చార్మినారు వెనుక గల్లీల్లో మిఠాయిల మీద అంటించే వెండి వరఖ్ కొట్టే చప్పుడు మీలో పాతవాళ్ళకు తెలిసే ఉంటుంది. తోలు పొరల మధ్య వెండి ముక్కలు పెట్టి సుత్తితో గంటల తరబడి కొడతారు. జౌల్ తెడ్డు సంగతి నేను చెప్తుంటే ఆ కుర్రవాడు లేచి, కొట్టగా కొట్టగా తోలు కట్ట చేతికి వెచ్చగా తగులుతుందని చెప్పాడు. చప్పుడుగా పోయేది కొంచెం, వేడిగా మారేదే ఎక్కువ. మాంచెస్టరులో కొలిచినది మా గల్లీలో చేతికి తెలుస్తోంది. ఆ రోజు నేను పాఠం అక్కడే ఆపేశాను, ఇంక చెప్పడానికి ఏముంది?

చప్పుడులో ఉండే శక్తి ఎంత తక్కువో ఒక లెక్క చెప్పేవాణ్ణి. ఒక మనిషి నూరేళ్ళు ఆపకుండా మామూలుగా మాట్లాడితే వెలువడే ధ్వనిశక్తి ఒక కప్పు చాయ్ వేడి చేయడానికి సరిపోతే గొప్ప. మన సర్వసభ్య సమావేశాలు చూసినప్పుడల్లా నాకు ఈ లెక్కే గుర్తొస్తుంది. వేడి మాత్రం బాగా తింటుంది. లీటరు నీళ్ళు మామూలు వేడి నుంచి మరిగించాలంటే కరెంటు మీటరులో యూనిట్‌లో పదకొండో వంతు తిరుగుతుంది. మనం ఏళ్ళ తరబడి వాడిన పాత తీగ బల్బులు తీసుకున్న కరెంటులో నూటికి ఐదో వంతు కూడా వెలుగుగా ఇచ్చేవి కావు, మిగతాదంతా వేడే. మే నెలలో గదిలో వంద వాట్ల బల్బు వేసుకోవడమంటే చిన్న కుంపటి పెట్టుకోవడమే.

నవాబుగారిని పొగడడమే నా పని కాదు. ఒక సంగతి నన్ను ఎప్పుడూ గుచ్చుతుంది. ఆయన పుస్తకాలకు, రాళ్ళకు, పండితుల జీతాలకు డబ్బు ఎక్కడిది? జాగీరు గ్రామాల శిస్తు నుంచి వచ్చింది. ఆ గ్రామాల్లో చాలా చోట్ల రైతు మాట్లాడేది తెలుగు. వాళ్ళ డబ్బుతో అచ్చయిన ఆరు శాస్త్రాల్లో వాళ్ళ భాషలో ఒక్క పుట లేదు. అది ఆ కాలపు పద్ధతి అని సర్దిచెప్పుకోవచ్చు, ఆయన తన చుట్టూ ఉన్నవాళ్ళ భాషలో రాయించారు. కానీ ఇదే హైదరాబాదులో కొమర్రాజు లక్ష్మణరావుగారూ మిత్రులూ విజ్ఞాన చంద్రికా మండలి పెట్టి తెలుగులో శాస్త్రగ్రంథాలు తెచ్చే పని తలకెత్తుకునే దాకా, అంటే 1906 దాకా, ఆ రైతు మనవలు ఆగవలసి వచ్చింది. అంటే అరవై ఐదేళ్ళు. నాకు సున్నా వచ్చిన నాటికి ఆ ఆలస్యం ఇంకా పూర్తిగా తీరలేదని నా అనుమానం.

ఆయన వేసిన బీజం ఉర్దూలో మాత్రం ఎండిపోలేదు. 1846లో ఈ ఊళ్ళో పెట్టిన వైద్య పాఠశాలలో పాఠాలు ఉర్దూలోనే చెప్పారు. 1917లో తర్జుమా శాఖ, 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయం వచ్చి భౌతికశాస్త్రం డిగ్రీ దాకా ఉర్దూలో చెప్పించాయి. నాన్నగారి లాంతరు పాఠాలు ఆ చెట్టు నీడలోవే. వంశంలో కూడా ఆ పిచ్చి పోలేదు. మనవడు వికారుల్ ఉమ్రా కట్టించిన మహలుకు ఫలక్‌నుమా, అంటే ఆకాశపు అద్దం, అని పేరు పెట్టారు. మునిమనవడు జఫర్ జంగ్ ఇంగ్లండు నుంచి 15 అంగుళాల దుర్భిణి తెప్పించి, 1901లో ఫిసల్ బండలో తన ఎస్టేటులోనే నక్షత్రశాల పెట్టారు. ఆయన పోయాక నిజాం ప్రభుత్వం దాన్ని తీసుకుని బేగంపేటకు మార్చింది. అదే నిజామియా అబ్జర్వేటరీ. పలు దేశాలు ఆకాశాన్ని ముక్కలుగా పంచుకుని నక్షత్రాల పట్టీ తయారుచేసినప్పుడు, హైదరాబాదు తన వాటాకు వచ్చిన లక్షల నక్షత్రాల స్థానాలు ఫోటోలు తీసి కొలిచి అచ్చు వేసింది.

ఫక్రుద్దీన్ ఖాన్ సమాధి సంతోష్‌నగర్ దగ్గర ఫిసల్ బండలోని పాయిగా సమాధుల్లో ఉంది. ఈ మధ్య అక్కడ మరమ్మతు పనులు జరిగాయి. నేను కిందటి చలికాలంలో మనవరాలితో వెళ్ళాను. అది ఇంగ్లీషు మీడియం, ఎనిమిదో తరగతి. సున్నపు గచ్చు పని, పాలరాయి, చుట్టూ జాలీ తెరలు. ఒక జాలీలో ఉన్న ముగ్గు ఇంకోదానిలో కనిపించదు. పదిన్నర ప్రాంతంలో ఎండ జాలీల్లోంచి దిగి నేల మీద పూల అచ్చులు పోసింది. మనవరాలు చెయ్యి పెట్టి వెలుగు పడ్డ రాయి వెచ్చగా ఉంది, నీడ పడ్డ రాయి చల్లగా ఉంది తాతయ్యా అంది. నేను దాన్ని ఆ రెంటికీ తెలుగులో ఏమంటారని అడిగాను. చెప్పింది. ఉర్దూలో ఏమంటారని అడిగాను. తెలియదంది. అక్కడ గేటు దగ్గర కూర్చున్న ముసలాయన మా మాటలు విని, ధూప్, ఛావ్ అని చెప్పాడు. అది రెండుసార్లు పలికి నేర్చుకుంది. తర్వాత ఆయన మమ్మల్ని లోపలికి తీసుకువెళ్ళి నవాబుగారి సమాధి ఏదో చూపించాడు.